రెండో మాట

ఆ ఏడాది శ్రమదినాలు మొదలైన వారంలోనే మా తమ్ముడు నాన్నను ఇంటికి తీసుకొచ్చాడు. ఈస్టరుకు ముందు వచ్చే ఆ ఉపవాస కాలమంతా మా అమ్మ మాంసం ముట్టదు, పొద్దు వాలేదాకా ఏమీ తినదు. ఆ సాయంత్రం ఆమె రాగిజావ కాచుకుంటుంటే లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తమ్ముడు ఉదయ్ భాస్కర్ చక్రాల కుర్చీ తోసుకుంటూ లోపలికి వచ్చాడు. కుర్చీలో పచ్చబడ్డ కళ్లతో, ఉబ్బిన పొట్టతో, పుల్లల్లాంటి కాళ్లతో ఒక ముసలాయన. ఆయన్ని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. అమ్మకు పట్టలేదు.

“ఎక్కడ పడుకోబెట్టమంటావమ్మా?” అన్నాడు ఉదయ్.

అమ్మ స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, కుర్చీ దాకా వచ్చి నిలబడి చూసింది. “నీ గదిలోనే,” అంది. తర్వాత నావైపు తిరిగి, “హెప్సీ, పాత దుప్పటి ఒకటి తియ్యి. మంచివి వద్దు, పాడైపోతాయి.”

మా నాన్న సుందరరావు తెనాలిలో లారీ నడిపేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ నన్నూ తమ్ముణ్నీ వెంటబెట్టుకుని ఆ ఇల్లు వదిలి హైదరాబాదు వచ్చేసింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసి మమ్మల్ని చదివించింది. ఇప్పుడు నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను, ఉదయ్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేస్తున్నాడు, ముగ్గురం మియాపూర్‌లో ఈ ఫ్లాటులో ఉంటున్నాం. మేం వచ్చేసేనాటికి ఉదయ్‌కి మూడేళ్లు. నాన్న అంటే వాడికి స్కూల్లో మిగతా పిల్లలకు ఉండి తనకు లేని మనిషి. నాకు మాత్రం నాన్న అంటే లారీ హారన్. సందు మొదట్లో ఆ హారన్ వినపడగానే అమ్మ మమ్మల్ని మంచం కిందికి పంపేది.

లివరు మొత్తం పోయిందనీ, ఇక చేసేదేమీ లేదనీ గుంటూరు ఆసుపత్రిలో చెప్పేశారట. అక్కడి బంధువులెవరో ఉదయ్ నంబరు సంపాదించి ఫోన్ చేశారు. వీడు కారు వేసుకుని వెళ్లి తెచ్చేశాడు.

“నాతో ఒక్కమాట అనాల్సింది,” అన్నాను బాల్కనీలోకి పిలిచి.

“అమ్మను అడిగాను అక్కా. తీసుకురమ్మంది.”

అది నేను నమ్మలేకపోయాను. మర్నాడు పొద్దున, ఆమె నాన్న మందులన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుంటున్నప్పుడు అడిగాను. అమ్మ తలెత్తలేదు. “తీసుకురాకపోతే రేపు దేవుడు నన్ను అడుగుతాడు, చావుబతుకుల్లో ఉన్నవాణ్ని ఏం చేశావని. నేను చెప్పుకోవాల్సింది నేను సరిగ్గా ఉంచుకోవాలి. ఆయన చెప్పుకోవాల్సింది ఆయన చెప్పుకుంటాడు.”

మా అమ్మ రత్నకుమారిని బతికించింది తీర్పు దినం. వేరే మాటలో చెప్పడం నాకు చేతకాదు. తెనాలి ఇంట్లో దెబ్బలు తిన్న ప్రతిసారీ ఆమె గోడకు ఆనుకుని కూర్చుని “దేవుడు చూస్తున్నాడు” అనేది. పెద్దగా కూడా కాదు, మాకు మాత్రమే వినపడేట్టు. వేరే ఇళ్లలో పిల్లల్ని భయపెట్టడానికి వాడే మాట అది. మా ఇంట్లో అది మందు. ఎవరూ చూడని ఆ నాలుగు గోడల మధ్య ఒకరు చూస్తున్నారు, గుర్తుపెట్టుకుంటున్నారు, ఒకరోజు నాన్నను నిలబెట్టి అడుగుతారు అన్న నమ్మకంతో ఆమె లేచి అన్నం వండేది.

మొదటి వారాల్లో నాన్న భయంతో కేకలు పెట్టేవాడు. నేను వారానికి రెండురోజులు ఇంటినుంచే పనిచేస్తాను. ఆఫీసు కాల్‌లో ఉండగా పక్కగదిలోంచి ఆ కేకలు వినపడి అవతలివాళ్లు ఏమిటని అడిగితే, టీవీ అని చెప్పేదాన్ని. చిన్నప్పుడు ఆయన కూడా సండే స్కూలుకు వెళ్లినవాడే, నరకం గురించి విన్నవాడే. ఆ విన్నదంతా ఇప్పుడు తిరిగొచ్చింది.

“కాళ్ల దగ్గర కాలుతోంది రత్నం. ఎవరో మంట పెట్టారు చూడు.”

“ఏమీ లేదు. నీరు పట్టాయి, అంతే.”

“నేను అక్కడికే పోతాను కదా?”

“నాకెలా తెలుస్తుందండీ. నోరు తెరవండి, మందు వెయ్యాలి.”

అమ్మ ఏ పనికీ లోటు చేయలేదు. ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పేది. ఆమె మొహంలో నాకు సంతోషం కనపడలేదు. అలాగని ఏమీ కనపడలేదనీ అనలేను. బస్టాపులో చాలాసేపు నిలబడ్డవాళ్లకు తమ బస్సు నంబరు దూరంగా మలుపులో కనపడినప్పుడు భుజాలు ఎలా వదులవుతాయో, అలాంటిదేదో. ఆ వారాల్లో ఆమె హాయిగా నిద్రపోయేది. పక్కన పడుకున్న నాకు ఆమె గురక కొత్తగా అనిపించింది.

నాన్న కేకలు తట్టుకోలేక ఉదయ్ పాస్టరుగారిని పిలిచాడు.

మా చర్చి కొండాపూర్‌లో ఒక టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో ఉంటుంది. పాస్టర్ ప్రభుదాస్‌గారిది సంగారెడ్డి పక్క పల్లె. అరిచి చెప్పే మనిషి కాదు, చందాల కోసం వాక్యం చెప్పే మనిషి అంతకన్నా కాదు. అమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆయన భార్య వారం పాటు మాకు వంట చేసి పంపింది. ఆయన వరసగా మూడు మధ్యాహ్నాలు వచ్చి నాన్న గదిలో కూర్చున్నారు. మూడోరోజు లోపలినుంచి పెద్దగా ఏడుపు వినపడింది. అది భయంతో ఏడ్చే ఏడుపులా లేదు. తలుపు తీసుకుని బయటికొచ్చిన పాస్టరుగారి కళ్లు తడిగా ఉన్నాయి.

“ఒప్పుకున్నడమ్మా,” అన్నారు అమ్మతో. “అంతా దేవుని ముందల పెట్టిండు. ఇగ ఆయనకు భయం లేదు.”

అమ్మ సోఫా అంచున కూర్చుని ఉంది. “ఏం ఒప్పుకున్నారు పాస్టరుగారూ?”

“అది ఆయనకూ దేవునికీ నడుమ ముచ్చటమ్మా.”

“మా గురించే కదా.”

పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికి అమ్మే లేచి, “టీ పెడతాను, కూర్చోండి,” అంది.

ఆ రోజునుంచి నాన్నకు నిద్ర పట్టింది. అమ్మకు పోయింది.

మనిషి పూర్తిగా మారిపోయాడు. అది దొంగవేషమైతే నాకు తేలికగా ఉండేది. కానీ కాదు. కేకలు ఆగిపోయాయి, మొహం తేటపడింది, నొప్పి వచ్చినా పళ్లు బిగబట్టి స్తోత్రం అనేవాడు. ఒళ్లు తుడవడానికి సాయం వచ్చే బుచ్చమ్మకు కూడా దండం పెట్టేవాడు. బుచ్చమ్మ హఫీజ్‌పేట ఊరి మనిషి, ఇక్కడ అపార్టుమెంట్లు లేవకముందు నుంచీ ఉన్న కుటుంబం. ఒకరోజు బట్టలు ఆరేస్తూ అమ్మను అడిగింది.

“సారు మస్తు నిమ్మళమైండు గదమ్మా. ఏమైంది?”

“దేవుడు క్షమించాడంట.”

“తాగి మిమ్మల్ని బాగ కొట్టేటోడంటివి గద?”

“ఆఁ.”

బుచ్చమ్మ క్లిప్పు పెట్టడం ఆపి ఆలోచించింది. “మీ దేవుడు గంత జల్ది మాఫ్ చేస్తడా? మిమ్మల్ని అడగకుంటనే?”

అమ్మ బకెట్టు తీసుకుని లోపలికి వచ్చేసింది.

ఆ ఆదివారం ఉదయ్, ఇంకో ఇద్దరు కలిసి నాన్నను కుర్చీతో సహా మెట్లెక్కించి చర్చికి తీసుకెళ్లారు. నాన్న మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు. “నేను ఘోర పాపిని. నా పాపాలకు అంతులేదు. ఆఖరి గడియలో పరలోకమందున్న నా తండ్రి నన్ను వదల్లేదు,” అన్నాడు. ఆ పాపాలేవో ఒక్కటీ చెప్పలేదు. చప్పట్లు మోగాయి. కీబోర్డు ముందు కూర్చున్న ఉదయ్ కళ్లు తుడుచుకుంటూ పాట మొదలుపెట్టాడు. ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు అమ్మ చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు. ఇన్నేళ్ల మీ ప్రార్థన ఫలించింది సిస్టర్ అన్నారు. అమ్మ అందరికీ తలూపింది. పాస్టరుగారు వచ్చి, గుడ్ ఫ్రైడే రోజు రెండో మాట మీరు చెప్పాలమ్మా అన్నారు. దానికీ తలూపింది.

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఆ రోజు ఏడుగురు మాట్లాడతారు. రెండోది పక్క సిలువ మీదున్న దొంగతో అన్న మాట. చివరి క్షణంలో వేడుకున్న ఆ దొంగకు ప్రభువు పరలోకం ఇచ్చేస్తాడు. ఆ మాట అమ్మకు ఎందుకిచ్చారో అందరికీ అర్థమైంది.

తిరిగొచ్చేటప్పుడు నేనూ అమ్మా ఆటోలో ఉన్నాం. కొత్తగూడ దాటాక అమ్మ అంది, “నేను ఆ ప్రార్థన ఎప్పుడూ చెయ్యలేదే. వీళ్లంతా చేశాననుకుంటున్నారు.”

ఆ తర్వాతి బుధవారం నేను ఇంట్లోనే పని చేసుకుంటున్నాను. నాన్న గదిలో మాత్రమే ఏసీ ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ పెట్టుకుని అక్కడే ఓ మూల కూర్చున్నాను. అమ్మ ఆయనకు కొబ్బరినీళ్లు చెంచాతో తాగిస్తోంది. నా కాల్ అయిపోయింది. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను. అది ఒక చెవికే ఉండే రకం. అమ్మ దానివైపు చూసింది.

“హెప్సీ చెవి సంగతి దానికి ఒక్కసారి చెప్పండి,” అంది నాన్నతో.

ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి అది. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆయన కంచంలో మజ్జిగ ఒలకబోశానని అరచేత్తో కొట్టాడు. ఎడమ చెవిలోంచి నెత్తురు వచ్చింది. అప్పట్నుంచీ ఆ చెవి వినపడదు. ఆఫీసు మీటింగుల్లో అందరూ నాకు కుడివైపు ఉండేట్టు చూసుకుని కూర్చుంటాను. ఎందుకని ఎవరైనా అడిగితే చిన్నప్పుడు జ్వరం వచ్చిందని చెబుతాను.

నాన్న చెంచాను చేత్తో ఆపి అమ్మ వైపు చూశాడు.

“ఏ చెవి?”

నేను ఆయన మొహంలోకి చూశాను. నటించడం లేదు. నిజంగానే తెలియదు. అమ్మ చెప్పింది, మజ్జిగ సంగతి, నెత్తురు సంగతి, మెట్లమీంచి పడిందని ఆసుపత్రిలో తను చెప్పిన అబద్ధం సంగతి. తడబడకుండా, ఒక పేషెంటు కేసు చెప్పినట్టు చెప్పింది. నాన్న ఓపిగ్గా విన్నాడు.

“తాగినప్పటివి నాకు గుర్తుండవు రత్నం,” అన్నాడు. “అందుకే తెలిసినవీ తెలియనివీ అన్నీ కలిపి ఒప్పుకున్నాను. ప్రభువు కడిగేశాడు. ఆయన కడిగేసినవాటిని మళ్లీ తవ్వకూడదు.” తర్వాత నావైపు తిరిగాడు. నేను ఏనాడూ ఆయన గొంతులో వినని మెత్తదనంతో అడిగాడు. “ఏమ్మా, నొప్పిగా ఉందా చెవి?”

“లేదు,” అన్నాను. “నొప్పి లేదు.”

“మంచిది. దేవుడు స్వస్థపరుస్తాడు,” అని కళ్లు మూసుకున్నాడు.

అమ్మ మిగిలిన కొబ్బరినీళ్లు తాగించడం పూర్తి చేసింది. గడ్డం మీద కారినవి తుడిచింది. గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపు ఆ ఒక్క గ్లాసే కడిగింది.

గుడ్ ఫ్రైడే నాటికి ఎండలు ముదిరిపోయాయి. చర్చిలో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా, మధ్యాహ్నం పన్నెండింటికి మొదలైన ఆరాధనలో అందరి తెల్లబట్టలూ వీపులకు అంటుకుపోయాయి. నాన్న ముందువరసలో కుర్చీలో ఉన్నాడు. ఉదయ్ కీబోర్డు దగ్గర. అమ్మ రాదేమో, ఒంట్లో బాగాలేదని చెప్పేస్తుందేమో అనుకున్నాను. కానీ ఆమె జరీ లేని తెల్లచీర కట్టుకుని, తన వంతు రాగానే వెళ్లి మైకు ముందు నిలబడింది. చేతిలో కాగితం కూడా లేదు.

“నాకు రెండో మాట ఇచ్చారు,” అని మొదలుపెట్టింది. “చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. కానీ ఒక సంగతి ఇన్నేళ్లూ నాకు తట్టలేదు, ఈ మధ్యే తట్టింది. వాడు దొంగ కదా. అంటే ఎవరినో దోచుకున్నాడు, ఎవరినో కొట్టాడు. సిలువ వేశారంటే చిన్న దొంగతనం అయ్యుండదు. ఆ దెబ్బలు తిన్నవాళ్లు ఎక్కడో ఉంటారు కదా. వాళ్లలో ఒక ఆడమనిషి ఆ రోజు ఆ కొండ దగ్గరికి వచ్చిందనుకోండి. వాడికి శిక్ష పడుతుంటే చూడ్డానికే వచ్చిందనుకోండి. తప్పేమీ లేదు, చాలా ఏళ్లు ఎదురుచూసి ఉంటుంది. దూరంగా నిలబడింది కాబట్టి ప్రభువు వాడితో అన్న మాట ఆమెకు వినపడి ఉండదు. వినపడితే బాగుండేదా, వినపడకపోవడమే మంచిదా, నాకు తెలియట్లేదు.”

ఎవరో దగ్గారు. అమ్మ ఆగి, చీర చెంగుతో మెడ తుడుచుకుంది.

“వాడు అడిగాడు, ప్రభువు ఇచ్చాడు. ఇవ్వడం ఆయన ఇష్టం. తప్పు పట్టడానికి నేనెవర్ని. కానీ ఆ ఆడమనిషితో ఆయన ఏమైనా అన్నాడేమో అని నేను బైబిలంతా వెతికాను. ఏమీ లేదు. ఆమె ఆ సాయంత్రం ఇంటికి ఎలా నడిచి వెళ్లిందో కూడా లేదు. నాకు తెలిసింది ఇంతే.”

వచ్చి నా పక్కన కూర్చుంది. రెండో మాట తర్వాత పాట ఉండాలి. ఉదయ్ చేతులు కీబోర్డు మీదికి రాలేదు. వెనకనుంచి ఎవరో పెద్దావిడ శ్రుతి లేకుండా పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నారు. నాన్న కళ్లు మూసుకుని, చేతులు పైకెత్తి, అందరితోపాటు పాడుతున్నాడు. అమ్మ చెప్పింది ఆయనకు తగల్లేదు. బహుశా విని ఉండడు, లేదా ఎవరో మూడో మనిషి గురించి అనుకుని ఉంటాడు.

కిందికొచ్చాక, టైర్ల షాపు ముందు కారు తలుపు తీస్తూ ఉదయ్ అన్నాడు, “అంతమందిలో ఆయన్ని అలా నిలబెట్టాలా అమ్మా?”

“ఆయన పేరు ఎత్తానా నేను?”

“ఎత్తక్కర్లేదు. ఇంకెన్ని రోజులు ఉంటాడు ఆయన? ఈ నాలుగు రోజులైనా నాకు నాన్నను ఉండనీ.”

అమ్మ వాడి మొహంలోకి చూసింది. కారెక్కి కూర్చుంది.

మర్నాడు శనివారం పాస్టరుగారు వచ్చారు. కోప్పడ్డానికి వచ్చారేమో అనుకున్నాను. ఆయన హాల్లో ఫ్యాను కింద కూర్చుని, చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు. లోపల నాన్న నిద్రపోతున్నాడు.

“మీరు చెప్పింది నన్ను నిద్రపోనియ్యలేదమ్మా.”

“తప్పు మాట్లాడానా?”

“తప్పని అంటలేను. కని ఒక్క మాట చెప్పనియ్యుండ్రి. శిక్ష లేకుంట పోలేదు. సుందరరావుగారి మీద పడాల్సిన శిక్ష ప్రభువు మీద పడ్డది. దేవుడు పాపాన్ని చూసీచూడనట్టు ఇడిసిపెట్టలే. దయ, తీర్పు రెండు గా సిలువ మీదనే కలిసినయి.”

“ఆ పాఠం సండే స్కూల్లో పిల్లలకు నేనే చెప్పాను పాస్టరుగారూ, పదేళ్ల పాటు,” అంది అమ్మ. “ఆయన తినాల్సిన దెబ్బలు ప్రభువు తిన్నాడు. సరే. మరి మేం తిన్నవి?”

“అవి గూడ ఆయనే మోసిండమ్మా.”

“మోస్తే మాకెందుకు తగిలాయి?”

అమ్మ గొంతు పెంచలేదు. ఇంట్లో అతిథితో మాట్లాడేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడుతోంది.

“ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. క్షమించిన పాపాన్ని దేవుడు ఇక జ్ఞాపకం చేసుకోడంటారు కదా.”

“అవునమ్మా.”

“ఆయన తాగి ఉన్నాడు, ఆయనకు గుర్తు లేదు. ఇప్పుడు దేవుడికీ గుర్తు లేదు. ఉదయ్ అప్పుడు పసివాడు, వాడికి తెలియదు. ఇక ఆ ఇంట్లో జరిగింది నాకూ దీనికీ తప్ప ఎవరికి తెలుసు? మేం ఇద్దరం పోయామంటే అది జరగనట్టేనా?” అమ్మ నాన్న గది వైపు చూసింది. “నేను ఆయన్ని అగ్గిలో వెయ్యమని అడగలేదండీ. మొదట్లో అడిగానేమో, తర్వాత లేదు. ఒకరోజు అందరి ముందూ నిలబెట్టి, ఏం చేశావు అని అడుగుతాడనుకున్నా. శిక్ష వెయ్యకపోయినా సరే. అడిగితే చాలనుకున్నా. ఆ ఒక్కరోజు కోసం బతికాను.”

ఫ్యాను కిర్రుమంటోంది. పాస్టరుగారు తన చేతిలోని చేతిరుమాలును మడిచి, విప్పి, మళ్లీ మడిచారు. పాస్టర్ల సెమినరీలో చదివిన మనిషి, ఇలాంటి ప్రశ్నలకు చెప్పాల్సిన జవాబులన్నీ ఆయనకు వచ్చే ఉంటాయి. ఏదో ఒకటి చెబితే బాగుండనిపించింది నాకు. అబద్ధమైనా సరే.

“నాకు తెల్వదమ్మా,” అన్నారు చివరికి. “తెలుసని చెప్తె మోసం చేసినట్టయితది.”

“మంచిది,” అంది అమ్మ. “భోంచేసి వెళ్లండి.”

ఆయన భోంచెయ్యలేదు. వెళ్లేముందు నాన్న గది గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, లోపలికి వెళ్లకుండానే చెప్పులేసుకున్నారు.

ఈస్టరు తర్వాత వచ్చిన మంగళవారం పొద్దున నాన్న పోయాడు. ఉదయ్ ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాడు. అమ్మ నాడి చూస్తోంది. నేను గుమ్మం దగ్గరున్నాను. “నాకేం భయం లేదు,” అన్నాడు. కాసేపటికి మళ్లీ అదే మాట అన్నాడు. ఆ తర్వాత ఊపిరి మెల్లగా తగ్గి ఆగిపోయింది. నర్సుగా అమ్మ చాలా చావులు చూసింది. ఇంత నెమ్మదైన చావు చూడలేదని తర్వాత నాతో అంది. ఆ మాట మెచ్చుకోలుగా అనలేదు.

ఆయన ఒళ్లు అమ్మే కడిగింది, బట్టలు తొడిగింది, దవడ జారకుండా గుడ్డ కట్టింది. శంకర్‌పల్లి దారిలో మా సంఘం కొన్న సమాధుల తోటలో పాతిపెట్టాం. చర్చివాళ్లంతా వచ్చారు. ధన్యమైన మరణం అన్నారు. తెల్లటి చొక్కాలో నాన్న మొహం నిజంగానే ప్రశాంతంగా ఉంది, చూసినవాళ్లందరూ ఆ మాటే అన్నారు. పాస్టరుగారు రెండు నిమిషాల్లో వాక్యం ముగించి పక్కకు తప్పుకున్నారు. మట్టి వెయ్యమంటే అమ్మ వంగి గుప్పెడు తీసుకుని అందరిలాగే వేసింది. ఏడవలేదు. ఉదయ్ మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తుంటే వాడి తల మీద చెయ్యి వెయ్యబోయింది. వాడు జరిగిపోయాడు.

నెల తిరక్కుండా వాడు ఖాజాగూడలో ఎవరో స్నేహితులతో కలిసి ఫ్లాటు చూసుకుని వెళ్లిపోయాడు. ఆఫీసుకు దగ్గరని చెప్పాడు. సూట్‌కేసు గుమ్మం దాటించాక వెనక్కి తిరిగి అసలు మాట అన్నాడు.

“దేవుడు క్షమించాడమ్మా ఆయన్ని. నువ్వు క్షమించలేదు.”

“అవును,” అంది అమ్మ.

వాడు ఇంకేదో వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. పండగలకు వస్తాడు, ఫోన్లు చేస్తాడు, అమ్మకు బీపీ మాత్రలు ఆన్‌లైన్‌లో పంపిస్తాడు. ఆ మాట మాత్రం వాళ్లిద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

అమ్మ ఇప్పటికీ ఆదివారం చర్చికి వస్తుంది. పాటలప్పుడు లేచి నిలబడుతుంది, కానుక వేస్తుంది. ప్రభువును తలుచుకుని అందరూ రొట్టె తినే ప్రభు భోజనం రోజున మాత్రం, పళ్లెం దగ్గరికొచ్చేసరికి తను తీసుకోకుండా పక్కవాళ్లకు అందిస్తుంది. మొదట్లో ఆడవాళ్లు అడిగారు. కడుపులో బాగాలేదంది. తర్వాత అడగడం మానేశారు. పాస్టరుగారు ఎప్పుడూ అడగలేదు.

జూన్ నెలాఖరులో, వానలు పట్టుకున్నాక, మా కంపెనీలో మనుషుల్ని తీసేయడం మొదలైంది. ఒక పొద్దున మా టీమ్ అందరినీ తప్పకుండా ఆఫీసుకు రమ్మని మెయిల్ వచ్చింది. దేనికో అందరికీ తెలుసు. నేను బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగాను. మా ఇంట్లో పరీక్షకు వెళ్లినా, ఇంటర్వ్యూకు వెళ్లినా, ప్రయాణమైనా, అమ్మ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తేగానీ ఎవరమూ గుమ్మం దాటేవాళ్లం కాదు. నేను తల వంచాను.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తడిగా, చల్లగా ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. పై అంతస్తులో ఎవరిదో కుక్కరు కూత వేసింది. లిఫ్టు ఎక్కడో ఆగి మళ్లీ కదిలింది. అమ్మ ఊపిరి తీసుకోవడం, మాట మొదలుపెట్టబోయేటప్పుడు తీసుకున్నట్టుగా, వినపడింది. ఆ ఊపిరి వదిలేసింది. మళ్లీ తీసుకుంది. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. ఆఖరికి చెయ్యి మెల్లగా తీసేసింది.

అలవాటు కొద్దీ నేను ఆమెన్ అన్నాను.

“దేనికే?” అంది అమ్మ. నిజంగానే అడిగింది.